మా సారు వెనక్కి తీసుకున్న ఈగ

మా జువాలజీ సారు చనిపోయినారని తెలిసి మీరు చేసిన పని ఏంది? ఫోన్లో రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టినారు. మార్కాపురంలో ఆయన దగ్గర డిగ్రీ చదివిన వాళ్ళ గ్రూపు మధ్యాహ్నానికి ఆ బొమ్మలతో నిండిపోయింది. సాయంత్రానికి ఎవరో మనవరాలి పుట్టినరోజు ఫోటో పెట్టినారు, దాని కింద కేకు బొమ్మలు మొదలైనాయి. సారును తీసుకపోయే వేళకు ఆయన ఇంటి ముందు ఒక ఆటోలో పట్టేంత మందిమే ఉన్నాము. రాలేదని కాదు నా కోపం. చావుకు రాలేకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. మీరు ఆయన బతికున్నప్పుడు కూడా రాలేదు. "ఈగల సారు" అని పేరు పెట్టి నవ్వినారు. ఆ నవ్వుతోనే ఆయన జీవితమంతా చేసిన పనిని పక్కకు తోసినారు. ఈ మాట మీకు కష్టంగా ఉంటే ఉండనీయండి. అట్ల తోసిన వాళ్ళలో నేను కూడా ఉన్నాను. నా వంతు కూడా చెప్తాను, దాటేయను.

ఆ పొద్దున నాకు ఫోను చేసింది సారు భార్య. నేను పెద్దమ్మా అంటాను ఆమెను.

"నాయనా, మీ సారు పోయినాడు. కాఫీకి లేపితే లేవలేదు," అనింది. నేను ఏదో అనబోయినాను. ఆమె ఆపింది. "ఏడుపు తర్వాత. కాలేజీలో పెట్టెల సంగతి చూడు. నిన్నంతా అదే అడుగుతా ఉన్నాడు."

ఆ పెట్టెలు పద్నాలుగు. అద్దం మూతల చెక్కపెట్టెలు. లోపల వరసలు వరసలుగా నువ్వుగింజ కంటే చిన్న నల్లటి ఈగలు, ఒక్కొక్కటి కాగితపు మొన మీద జిగురుతో అంటించి, ఆ కాగితానికి సూది గుచ్చి, సూదికి చీటీ తగిలించి ఉంటాయి. కాలేజీ పాత స్టోర్ రూములో ఉన్నాయి. ఆ గదిని కొట్టేస్తున్నారు. తీసేయాల్సిన సామాను జాబితా ఒకటి గోడకు అంటించినారు. విరిగిన బెంచీలు, తుప్పు పట్టిన బీరువా, వాటి కింద "పాత ఈగల పెట్టెలు, పనికిరానివి". నెలాఖరుకు బండి వస్తుందంట.

మా అమ్మ ఇంకా బతికుంది. ఆమె దగ్గుకు ఏ పేరు రాస్తారు అనేది ఆ పెట్టెల మీద ఆధారపడి ఉంది. ఈగలకూ మీ అమ్మ దగ్గుకూ ఏం సంబంధం అంటారా? సారు అయితే "కూర్చో, మొదటి నుంచి చెప్తా" అనేవారు. నేను కూడా మొదటి నుంచే చెప్తాను.

మీ పిల్లల కండ్ల చుట్టూ ముసిరే ఆ చిన్న ఈగను మీరందరూ ఎరుగుదురు. కంటి ఈగ అంటాము. కుట్టదు. కంటి తడి తాగుతుంది, పుండు మీద వాలుతుంది, ఒకరి కండ్ల కలకను ఇంకొకరికి మోస్తుంది. దాని ప్రజాతికి శాస్త్రంలో సిఫంక్యులైనా అని పేరు. వేడి దేశాల్లో ఉండే ఈగలు. వాటిలో ఏది ఏ జాతో తేల్చడం చూపు పోయే పని. నెత్తి మీద నున్నటి త్రికోణం ఎంతవరకు వచ్చింది, రెక్క అంచు గీత ఎక్కడ ఆగింది, వీపు మీద బూడిదరంగు పొడి ఉందా లేదా, ఇట్ల చూడాల. సారు దాన్ని వర్గీకరణ అనేవారు. మన పక్క ఆ మాట పలికితే వేరే సభ మొదలవుతుందని నాకు తెలుసు. ఆ సభలో కూడా నేను మాట్లాడతాను, ఈరోజు కాదు. సారు మాత్రం తరగతిలో మొదటిరోజే చెప్పేవారు: "వర్గీకరణ అంటే మెట్లు కాదు నాయనా. చుట్టరికం. ఎవరు ఎవరికి ఏమవుతారో కనుక్కోవడం."

ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఒక గాజుగొట్టం ఉండేది. దానికి రబ్బరు ట్యూబు. ట్యూబు కొన నోట్లో పెట్టుకొని గొట్టం కొనను ఈగల మీదకి తీసుకపోయి సర్రున పీల్చేవారు. మధ్యలో బట్ట అడ్డం ఉంటుంది కాబట్టి ఈగ గొట్టంలోనే ఆగిపోతుంది, నోట్లోకి రాదు. ఆ బట్ట సంగతి ఊరికి తెలియదు. బస్టాండు దగ్గర టీకొట్టు ముందు ఆయన ఆ పనిలో ఉంటే ఎవడో ఒకడు, "ఏం సారూ, పొద్దున్నే టిఫినా?" అనేవాడు.

"నాది అయిపోయింది అబ్బీ. నీకు పార్సిల్ కడుతున్నా," అనేవారు సారు, గొట్టం మూతి బిగిస్తా.

ఈ ఈగకు ఒక అలవాటుంది. వేలాడే తాడు కొన దొరికితే చాలు, గుంపులు గుంపులుగా దాన్నే పట్టుకొని ఉంటుంది. మా ఇండ్లల్లో బట్టలు వేసుకునే దండెం ఉంటుంది కదా, దాని కొస వేలాడతా ఉంటే నల్లగా మిరియాలు గుచ్చినట్ల కనబడుతుంది. అందుకే సారు గొట్టం పట్టుకొని మా పాలేనికి వచ్చేవారు. మా పాలెం ఊరికి ఎడంగా, పలకల షెడ్ల వెనకాలే. మీరు చిన్నప్పుడు బడిలో దిద్దుకున్న పలకలు అక్కడ కోసినవే. మా నాయన కోత మిషను మీద పని చేసినాడు. అమ్మ పలకలు రుద్దేది. సారు ఇంటి ముందు నిలబడి, "ఏమ్మా, మీ దండెం చూసుకోవచ్చా?" అని అడిగేవారు. అడక్కుండా గుమ్మం ఎక్కేవారు కాదు. బేస్తవారిపేట పక్క సేద్యం చేసుకునే కులంలో పుట్టిన మనిషి మా గుమ్మం ముందు ఆగి అడగడం, అప్పట్లో అది చిన్న సంగతి కాదు.

అయినా నాకు మండేది. ఊళ్ళో వాళ్ళు మా పిల్లల కండ్లు చూసి "పాలెం పిల్లలు, మురికి" అనేవాళ్ళు. ఈయన చూస్తే ఈగల కోసం సరాసరి మా దగ్గరికే. డిగ్రీ రెండో ఏడాదిలో తరగతిలోనే అడిగేసినాను: "సారూ, ఎప్పుడూ మా పాలేనికే వస్తారు. మీ ఇంట్లో తాడే లేదా?"

సారు సుద్దముక్క కింద పెట్టి, "చూడలేదు. చూస్తా," అన్నారు.

మర్నాడు గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టినారు. "మా ఇంటి గుమ్మానికి కట్టిన పాత తోరణం దారం మీద దొరికినాయి. ఆకులు ఎప్పుడో రాలిపోయినాయి, దారం మిగిలింది. రోజూ దాని కిందనుంచే పోతున్నా. తలెత్తి చూడలేదు."

ఆ రోజు నాకు భలే గర్వం. కానీ వినండి, ఇక్కడే కథ అడ్డం తిరిగింది. సారు ఆ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూసినారు. సారు ఇంటి ఈగ వీపు నల్లగా నిగనిగలాడతా ఉంది. మా పాలెం ఈగ వీపు మీద బూడిదరంగు పొడి. ఇంకొన్ని పట్టినారు. అంతే. మళ్ళీ మళ్ళీ పట్టినారు. అంతే. బేస్తవారిపేటలో సారు వాళ్ళ పశువుల కొట్టంలో పట్టినవి నల్లనివి, షెడ్ల చుట్టూ పట్టినవి బూడిదవి. ఈ ప్రజాతి ఈగల మీద పనిచేసే ఒక పెద్దాయనకు పోస్టులో పంపితే, కొత్త జాతి అయ్యుండొచ్చు అని జవాబు రాసినాడు. ఊరికీ పాలేనికీ ఈగలు కూడా వేరే అయిపోయినాయి. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. ఆ ఈగకు మన ఊరి పేరు పెట్టబోతున్నారని తెలిసి కాలేజీలో సన్మానం చేసినారు. శాలువా కప్పినారు. ఆ సభలో మీరు కూడా చప్పట్లు కొట్టినారు, గుర్తుందా? ఆయన కోసం మీరు చప్పట్లు కొట్టింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాతి ఆదివారం సారు ఆటోలో మా ఇంటికి వచ్చినారు. ఒళ్ళో మైక్రోస్కోపు, దానికి తువ్వాలు చుట్టి. మేము చర్చి నుంచి వచ్చి అప్పుడే ఎసరు పెట్టినాము.

"ఏమ్మా, మీ ఇంటి ఈగ చానా పెద్దదైపోయింది. ఒకసారి చూడు," అన్నారు.

"పెద్దదైతే కూరకొస్తుందా సారూ?" అనింది అమ్మ.

సన్మానం తనకు చేసినారు గానీ ఈగ మా ఇంటిది, ముందు మాకు చూపించాలని ఆయన లెక్క. వాకిట్లో స్టూలు వేసి మైక్రోస్కోపు పెట్టినారు. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని కూర్చుంది. మొదట తన రెప్పల వెంట్రుకలే కనబడుతున్నాయనింది. తర్వాత సర్దుకొని, కన్ను తీయకుండా చూసింది.

"వీపు మీద ఆ బూడిదరంగు చూడు. అదే దీని గుర్తు," అన్నారు సారు.

"ఇది దీని రంగు కాదు సారూ."

"మరేంది?"

"పలక దుమ్ము."

సారు నవ్వినారు. తరగతిలో తప్పు జవాబు చెప్పిన పిల్లల్ని చూసి నవ్వినట్ల. "కాదమ్మా. ఇది పుట్టుకతో వచ్చే పొడి. పెద్దపెద్దవాళ్ళు చూసినారు దీన్ని."

"వాళ్ళెవరన్నా పలకలు రుద్దినారా?" అనింది అమ్మ.

అని లేచి, సారు తెచ్చిన తెల్లకాగితం ఒకటి తీసుకొని, కొప్పు విప్పి, తల దాని మీద దులిపింది. "ఇది కూడా ఆ అద్దం కింద పెట్టండి." ఆదివారం ఉదయం తలస్నానం చేసి చర్చికి పోయొచ్చిన తల అది.

సారు చూసినారు. లేచి జేబురుమాలు తీసి కటకం తుడిచినారు. "సందేహం వస్తే ముందు నీ అద్దం తుడుచుకో" అని మాకు చెప్పే మనిషి. మళ్ళీ చూసినారు. పలచటి పెచ్చులు, ఒక పక్క వెలుతురు పడితే తళుక్కుమనేవి. ఈగ వీపు మీదా అవే, కాగితం మీదా అవే. అప్పుడు సంచీలోంచి స్పిరిట్టు సీసా తీసి ఒక ఈగను అందులో ముంచినారు. నాకు మెల్లగా చెప్పినారు: పుట్టుకతో వచ్చిన పొడి అయితే తడిసినప్పుడు కనబడకపోయినా ఆరినాక మళ్ళీ తేలుతుంది, పైన పడ్డ దుమ్మైతే కడుక్కుపోతుంది. ఈగను తీసి కాగితం మీద పెట్టి ఆరేదాకా కూర్చున్నాము. లోపల అన్నం మాడు వాసన వచ్చింది. ఎవరమూ లేవలేదు.

ఆరింది. నల్లగా నిగనిగలాడతా ఉంది. సారు ఇంటి తోరణం దారం మీద ఉన్నదే ఇది.

సారు ముఖం నేను మళ్ళీ అట్ల ఎప్పుడూ చూడలేదు. సన్మానం, శాలువా, ఊరి పేరు, అన్నీ ఒక స్పిరిట్టు చుక్కలో పోయినాయి. కానీ ఆయన ఆ ఈగను చూసింది కొద్దిసేపే. తల ఎత్తి ఇంట్లోకి చూసినారు. అంతసేపూ లోపల మంచంలో మా నాయన దగ్గుతానే ఉన్నాడు. మాకు ఆ దగ్గు అలవాటైపోయి చెవిన పడేది కాదు.

"ఎన్నాళ్ళయింది మీకు ఈ దగ్గు?" అని అడిగినారు సారు.

"దగ్గుకేం సారూ, అది షెడ్డోళ్ళ ఇంటిపేరు," అన్నాడు నాయన. "టీబీ బిళ్ళలు మింగుతున్నా. ఇది మూడోసారి. అవీ పోవు, ఇదీ పోదు."

సారు మైక్రోస్కోపుకు తువ్వాలు చుడుతా, మాతో కాదు, తనలో తను అన్నట్ల అన్నారు: "ఈగ బతికేదే కొన్ని వారాలు."

మిగతా సగం ఆయన అనలేదు. మేము ముగ్గురమూ విన్నాము.

ఆ వారం ఆయన పెద్దాయనకు ఉత్తరం రాసి ఈగను వెనక్కి తీసుకున్నారు. తరగతిలో బోర్డు ముందు నిలబడి, "నేను పొరపాటు పడినాను. కొత్త జాతి లేదు. పలకలు రుద్దే ఒక అక్క నన్ను సరిదిద్దింది," అన్నారు. అంతవరకు ఏమ్మా అన్న మనిషి ఆ రోజునుంచి మా అమ్మను అక్కా అనే పిలిచినారు. స్టాఫ్ రూములో ఒకాయన, "మరి శాలువా వెనక్కియ్యి సారూ," అని ఎగతాళి చేసినాడంట. సారు దాన్ని మడత పెట్టి తెచ్చి అమ్మ చేతిలో పెట్టినారు.

"మార్కాపురం ఎండల్లో శాలువా ఏం చేసుకోవాల సారూ. కుక్కరన్నా ఇచ్చుంటే బాగుండు కదా వాళ్ళు," అనింది అమ్మ. ఉంచుకుంది మాత్రం.

ఊరి పేరు పోయిందని మీకు కోపం. ఈగల సారు అనే పేరు గట్టిపడింది అప్పుడే. ఆయన మటుకు కొత్త పెట్టెలు చేయించినారు. షెడ్డు లోపల ఒక పురికొస వేలాడగట్టినారు. రోడ్డు అవతల ఒకటి. పాలెంలో, బడిలో, కాలేజీలో, బేస్తవారిపేట పోయే దారిలో ఇంకొన్ని. నెలకోసారి ఒక్కో కొసనుంచి ఈగలు పట్టేవారు. వాటిలో సగం స్పిరిట్టులో కడిగి, సగం కడక్కుండా, జంటలుగా పక్కపక్కన అంటించేవారు. షెడ్డు దగ్గర జంట చూస్తే ఒకటి నలుపు, ఒకటి బూడిద. దూరం పోయేకొద్దీ రెండూ ఒకటే రంగుకు వస్తాయి. ప్రతిదానికీ చీటీ: ఏ కొస, షెడ్డుకు ఎన్ని అడుగులు, ఏ నెల, గాలి ఎటు. "చీటీ లేనిది ఉత్త చచ్చిన ఈగ. చీటీ ఉంటే సాక్షి," అనేవారు. పదవీ విరమణ దాకా చేసినారు, తర్వాత కూడా చేసి పెట్టెలు కాలేజీలోనే దాచినారు. ఆ పెట్టెల్లో కలరా ఉండలు అయిపోతే పురుగు పట్టి ఈగల్ని తినేస్తుందని, పెద్దమ్మ సరుకుల చీటీలో ఉప్పు, పప్పు తర్వాత కలరా ఉండలు రాసేది.

నేను అప్పటికి దళిత ఉద్యమంలోకి వచ్చినాను. మైకు పట్టుకుంటే వదిలేవాడిని కాదు. "జనం చస్తుంటే ఈగలేంది సారూ?" అని ఆయన ముఖం మీదే అన్నాను.

"నువ్వు అరువు నాయనా. అరవాల్సిందే. నేను రాస్తా ఉంటా. ఏదో ఒకరోజు నిన్ను ఆధారం అడుగుతారు కదా."

నాయన పోయినాడు. ఆఖరి నెలల్లో పండుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చొనే నిద్రపోయేవాడు. ఆసుపత్రి కాగితం మీద క్షయ అని రాసినారు. దుమ్ము అని రాస్తే షెడ్డు వైపు వేలు చూపినట్లవుతుంది. క్షయ అంటే వేలు మా ఇంటివైపే తిరుగుతుంది: మీ తిండి, మీ తాగుడు, మీ మురికి. మా సమాధుల దొడ్డిలో మట్టి వేసినాక సారు నా పక్కన నిలబడి అన్నారు: "మీ నాయనకు తప్పు చీటీ కట్టినారు."

ఇప్పుడు నా వంతు.

ఆ తర్వాత కొన్నేండ్లకు, మా గొడవ పడలేక, దుమ్ము సంగతి విచారించడానికి ఒక అధికారి వచ్చినాడు. మేము పాలెం అంతా కదిలించినాము. సారు రెండు పెట్టెలు ఒళ్ళో పెట్టుకొని వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మా నాయకుల్లో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "ఆ ఈగల పెట్టెలు లోపలికి తెస్తే నవ్వుల పాలవుతాము," అన్నాడు. నేను కాదనలేదు. నేనే పోయి, "సారూ, ఈసారికి వద్దులేండి," అన్నాను. "సరే నాయనా. అవసరమైతే పిలువు," అన్నారు. అక్కడే కూర్చున్నారు.

లోపల ఆ అధికారి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "షెడ్డు దుమ్ము ఇండ్ల దాకా వస్తుందని మీ దగ్గర ఆధారం ఏమన్నా ఉందా?"

ఆధారం గోడకు అవతల ఉంది, మా సారు ఒళ్ళో. నేను లేచి ఉపన్యాసం ఇచ్చినాను. మంచి ఉపన్యాసం. బయట జనం చప్పట్లు కొట్టినారు. ఆధారాలు చూపలేదని రాసుకొని పోయినాడు ఆ అధికారి.

బయటికి వస్తే సారు లేచి నిలబడి, "దూరం సంగతి ఏమన్నా అడిగినారా?" అన్నారు.

"లేదు సారూ, అడగలేదు," అన్నాను.

ఆ అబద్ధం ఈరోజు దాకా ఎవరికీ చెప్పలేదు. ఆయనకు తెలుసో తెలియదో. ఆ తర్వాత కూడా నెలనెలా పురికొసల దగ్గరికి పోయినారు. నన్ను మాత్రం రమ్మని అడగలేదు.

అమ్మ సంగతి చెప్తాను. మోకాళ్ళు పోయేదాకా షెడ్డులో పని చేసింది. పోయిన వానాకాలం నుంచి నాలుగు అడుగులు వేస్తే గోడ పట్టుకొని నిలబడుతుంది. ఆసుపత్రికి తీసుకపోతే కాగితం మీద "పాత టీబీ" అని రాసినారు. మా అమ్మకు ఎన్నడూ టీబీ లేదు. పని ఏం చేసేదని కూడా అడగలేదు. ఆఖరిసారి సారు మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరికీ ఆయాసమే, ఆయనది గుండెది, ఈమెది ఊపిరితిత్తులది.

"అక్కా, నీకు ఏమని రాసినారు?"

"మీ బావకు రాసిందే రాసినారు."

సారు నా వైపు తిరిగినారు. కాలేజీలో పెట్టెలు ఎట్లున్నాయో, కలరా ఉండలు ఎవరు పెడుతున్నారో నన్ను అడిగినారు. నేను చూస్తానన్నాను. చూడలేదు. సారును తీసుకపోయిన రోజు అమ్మ ఆటోలో వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "నా ఈగను సరి చేసుకున్నాడు. నా దగ్గును సరి చేసేలోపలే పోయినాడు," అనింది, పెద్దమ్మతో.

మర్నాడు కాలేజీకి పోయినాను. స్టోర్ రూములో చీకట్లో ఫోను వెలుతురు పెట్టి చూసినాను. రెండు పెట్టెల్లో పురుగు పడి ఈగలు పొడి అయిపోయినాయి, సూదులూ చీటీలూ మిగిలినాయి. పన్నెండు బాగున్నాయి. అన్నిటికంటే పాత పెట్టెలో, కొత్త జాతి అనుకున్న ఆ ఈగల వరస ఇంకా ఉంది. సారు వాటిని పారేయలేదు. చీటీ మీద "కొత్త జాతి" అన్న మాటకు చదవడానికి వీలుగా ఒకే ఒక గీత కొట్టినారు. దాని కింద చిన్న అక్షరాలతో, "కాదు. పలక దుమ్ము. గుర్తించినవారు:" అని రాసి, మా అమ్మ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పెద్దపెద్ద శాస్త్రవేత్తల పేర్లు రాసే చోటు అది. మా అమ్మకు చదవను రాదు. ఆ చీటీ ఉందని ఆమెకు చెప్పినవాడు లేడు, నిన్నటిదాకా.

మీరేమంటారో నాకు తెలుసు. ఈగ వీపు మీద దుమ్ము ఉంటే మనిషికి జబ్బు ఉన్నట్లా? ఒప్పుకుంటాను. కాదు. మా అమ్మకు ఉన్న జబ్బేందో ఎక్స్‌రే చెప్పాల, దాన్ని చదవడం వచ్చిన డాక్టరు చెప్పాల. కానీ ఆ డాక్టరు నోట ఆ ప్రశ్న రావాలంటే దుమ్ము ఎంత దూరం, ఎన్నేండ్లు పడిందో ఎవరో ఒకరు చూపించాల. దుమ్ము ఇండ్ల దాకా రాలేదని ఇన్నాళ్ళూ అన్నారు కదా. వచ్చింది. నెలనెలా వచ్చింది. ఎన్ని అడుగుల దూరం వచ్చిందో చీటీల మీద ఉంది. నెలాఖరుకు ఆ బండి వచ్చిందంటే ఉండదు.

అందుకని సంతాప సభ అడగడం లేదు. ఫోటోకు దండ వద్దు. మీలో కాలేజీలో, ఆసుపత్రిలో, సర్కారు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళున్నారు. అడిగేది ఇవి:

ఒకటి. ఆ జాబితాలోంచి పెట్టెలు తీసేయండి. పద్నాలుగూ. పాడైన రెండూ కూడా, చీటీలు బాగున్నాయి.

రెండు. వాటికి తాళం ఉన్న, చెమ్మ లేని గది ఒకటి ఇవ్వండి. ఆయన దగ్గర చదివి ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు వంతులు వేసుకొని కలరా ఉండలు పెట్టండి. మొదటి వంతు నాది.

మూడు. ప్రతి పెట్టెకూ, ప్రతి చీటీకీ ఫోటోలు తీయండి. ఎవరు అడిగినా చూపించండి, నవ్వేవాళ్ళకు ముందు చూపించండి.

నాలుగు. దుమ్ము విచారణ మళ్ళీ తెరవండి. ఈసారి పెట్టెల్ని లోపలికి రానీయండి, ఉపన్యాసాలు బయట ఉంటాయి.

ఐదు. పలకల షెడ్లలో పనిచేసిన ఎవరు దగ్గుతా ఆసుపత్రికి వచ్చినా, బిళ్ళలు రాసే ముందు ఏం పని చేసినావని అడగండి. అడిగింది కాగితం మీద రాయండి.

ఆరు. మా నాయన కాగితం ఇప్పుడు మార్చలేమంటే, ఎందుకు మార్చలేరో రాసి ఇవ్వండి.

ఏడు. మా అమ్మ కాగితం తీయండి. "పాత టీబీ" అన్న మాట చెరపొద్దు. చదవడానికి వీలుగా దాని మీద ఒక గీత కొట్టండి. దాని కింద అసలు జబ్బేందో రాయండి. ఆమె ఇంకా ఊపిరి తీస్తా ఉంది.